బస్సు స్టాపు పేరు వెనకున్న మనిషి: డాక్టర్ ఎ.ఎస్. రావు

శామీర్‌పేట నుంచి కాలేజీకి వచ్చే నాకు రోజూ ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో బస్సు మారడం అలవాటు. ఆ పక్కనే ఉన్న ఎ.ఎస్. రావు నగర్ పేరు కండక్టర్ల నోట ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. అయినా ఆ రావుగారు ఎవరో, చౌరస్తాకు పేరైన ఆ నాలుగక్షరాల కథేమిటో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఎవరో పాతకాలపు నాయకుడు అయివుంటాడులే అనుకున్నా. మనలో చాలామంది సంగతి ఇంతే కదా! ఊరి పేరు నోట్లో ఆడుతుంది గాని, ఆ పేరు మోసిన మనిషి మాత్రం మనసులోకి రాడు.

నన్ను ఆయన దగ్గరకు నడిపించినవి రెండు పెట్టెలు. వాటి సంగతి ముందు చెప్పాలి.

మొదటిది మా పొలంలో ఉంది. మా నాయనకు రెండెకరాల పొలం, ఒక బోరు ఉన్నాయి. నా చిన్నతనంలో త్రీఫేజ్ కరెంటు అర్ధరాత్రి, అపరాత్రి వచ్చేది. టార్చిలైటు, కర్ర పట్టుకుని మా నాయన మోటారు వెయ్యడానికి పోతే, ఆయన తిరిగి వచ్చేదాకా మా అమ్మ వాకిట్లోనే కూచునేది. పాము భయం అట్లాంటిది. ఇప్పుడు స్టార్టర్ పక్కన సిమ్ కార్డు వేసిన చిన్న పెట్టె ఒకటి బిగించాం. ఇంట్లోంచి ఫోన్ కొడితే మోటారు తిరుగుతుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్ళు అడుగంటి మోటారు వట్టిగా తిరిగినా, ఆ పెట్టె తనే మోటారును ఆపి మా నాయనకు కబురు పెడుతుంది.

రెండవది మేడ్చల్ దగ్గర ఒక కర్మాగారంలో ఉంది. మా మేనమామ అక్కడ ఫిట్టర్. మందుబిళ్ళలను రేకుల్లో ప్యాక్ చేసే విదేశీ యంత్రం ఒకటి పోయిన ఏడాది ఉన్నట్టుండి నిలిచిపోయింది. బెల్టు తెగలేదు, బేరింగు అరగలేదు. యంత్రం మీది తెరపై ఏదో సంకేతం అడుగుతున్నది. ఆ సంకేతం ఇవ్వవలసిన తయారీదారు వేరే దేశంలో ఉన్నాడు. వాళ్ళ జవాబు వచ్చేసరికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ రోజుకూలీ మీద పనిచేసే ఆడవాళ్ళను గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపేశారు. ఇరవై రెండేళ్ళుగా యంత్రం చప్పుడు విని దాని రోగం చెప్పగలిగిన మా మామ, చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. ఇంటికొచ్చి నన్నొక మాట అడిగాడు. ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, ఆ పెట్టెలో ఏముంటుందిరా అని. నేను చెప్పలేకపోయాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదంటే అతిశయోక్తి కాదు.

అట్లా గ్రంథాలయంలో వెతుకుతూ పోతే, మన ప్రాంతంలో ఎలక్ట్రానిక్ యంత్రాల కథ ఎక్కడ మొదలైందో అక్కడ ఒక పేరు కనిపించింది. అది నేను రోజూ దిగే స్టాపు దగ్గరి పేరే!

అయ్యగారి సాంబశివరావు 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. భీమవరం దగ్గరి ఈ ఊరు అల్లూరి సీతారామరాజు కుటుంబీకుల ఊరుగా కూడా ప్రసిద్ధి. సామాన్య కుటుంబంలో పుట్టిన ఆ కుర్రవాడు చదువు కోసం కాశీ దాకా వెళ్ళాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. పట్టా పొంది, అక్కడే అధ్యాపకుడయ్యాడు. తరువాత టాటా స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజులవి. అమెరికాలో చదివిన ఇంజనీరుకు అక్కడే బతుకుతెరువు దొరకని కాలం కాదు. అయినా ఆయన తిరిగి వచ్చి, బొంబాయిలో హోమీ భాభా నడుపుతున్న టాటా పరిశోధన సంస్థలో చేరారు.

అక్కడ విశ్వకిరణాల మీద పరిశోధన సాగుతున్నది. కిరణాలను లెక్కపెట్టడానికి కౌంటర్లు కావాలి, ఆ లెక్కను పట్టి ఉంచే సర్క్యూట్లు కావాలి. బజారుకు పోయి కొనుక్కొచ్చే వస్తువులు కావవి. విదేశాల నుంచి తెప్పించాలంటే డబ్బు, కాలం రెండూ ఖర్చే. ఏం చెయ్యాలి? కావలసిన పరికరాన్ని తామే తయారు చేసుకోవాలి. వినడానికి ఇది చిన్న సంగతిలాగే ఉంటుంది. నా మట్టుకు నాకు రావుగారి జీవితమంతా ఈ ఒక్క సంగతిని పెంచుకుంటూ పోవడమేననిపిస్తుంది.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. సోవియట్ దేశాన్ని మినహాయిస్తే ఆసియా ఖండంలో అదే మొట్టమొదటిది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. కాని రియాక్టర్‌ను అదుపులో పెట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థను రావుగారి నాయకత్వంలో మనవాళ్ళే నిర్మించారు. అది చేసే పని ఏమిటో కొంచెం ఆలోచించండి. లోపల న్యూట్రాన్లు ఎన్ని పుడుతున్నాయో ఒక పరికరం కనిపెడుతూ ఉండాలి. ఆ లెక్క హద్దు దాటుతున్నదా లేదా అని ఒక సర్క్యూట్ తేల్చాలి. దాటితే మనిషి చెయ్యి పడేదాకా ఆగకుండా నియంత్రణ కడ్డీలు లోపలికి దిగాలి. కనిపెట్టడం, తేల్చడం, పని జరిపించడం అనే మూడు మెట్లు ఇందులో ఉన్నాయి. మా పొలంలోని పెట్టె చేసేది కూడా ఈ మూడు పనులే! కాకపోతే అది నాలుగో పని ఒకటి నేర్చుకుంది, దూరంగా ఉన్నవాడితో మాట్లాడడం.

1962 చైనా యుద్ధం తరువాత, రేడియో మొదలు రాడార్ దాకా ఎలక్ట్రానిక్స్ కోసం పరాయివాళ్ళ మీద ఆధారపడితే ఎంత ముప్పో దేశానికి తెలిసివచ్చింది. 1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. అందులో విక్రం సారాభాయి, మన ఉస్మానియాకు ఉపకులపతిగా పనిచేసిన సూరి భగవంతం, ఎ.ఎస్. రావు సభ్యులు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన పోయినా పని ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ హైదరాబాదులో వెలసింది. దానికి మొదటి సారథి రావుగారే. ఇదీ మన చౌరస్తాలోని నాలుగక్షరాల అర్థం.

కుషాయిగూడ అప్పుడు ఊరికి దూరంగా ఉన్న పల్లె. అక్కడికి ట్రాంబే ప్రయోగశాలలో పుట్టిన నమూనాలు వచ్చాయి. ప్రయోగశాలలో ఒక్కటి చేయడం వేరు, కర్మాగారంలో అదే వస్తువును వందసార్లు ఒకేలా చేయడం వేరు. ఈ రెండింటి మధ్యనున్న అగాధాన్ని దాటించడమే రావుగారి ఘనత. రెసిస్టర్లు, కెపాసిటర్లు మొదలుకొని పరికరాల దాకా, కంప్యూటర్ల దాకా ఒకే ఆవరణలో తయారుకావాలని ఆయన పట్టుబట్టారు. 1969లో ట్రాంబేలో టి.డి.సి.-12 అనే కంప్యూటర్ పనిచేయడం మొదలైంది. దాని వారసులైన టి.డి.సి.-312, టి.డి.సి.-316 యంత్రాలను ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసి దేశంలోని ప్రయోగశాలలకు, విద్యాసంస్థలకు అందించింది.

ఇంటింటికీ తెలిసిన ఇ.సి. టి.వి. కూడా ఇక్కడిదే. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. ఆ పల్లెల్లో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ళగూటి జాలీ వంటి వలతో చేసిన గొడుగు యాంటెన్నా కింద పెట్టిన ఆ టి.వి. పెట్టెలను తయారుచేసింది ఇ.సి.ఐ.ఎల్. అయితే ఆ పెట్టె ఆకాశం నుంచి వచ్చిన మాట వినగలిగేదే తప్ప బదులు చెప్పలేదు.

రావుగారికి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ లభించాయి. బిరుదుల కంటే నాకు గొప్పగా తోచే సంగతి ఇంకొకటి ఉంది. ఆయన సంస్థ చుట్టూ విడిభాగాలు చేసిచ్చే చిన్న చిన్న కర్మాగారాలు పుట్టుకొచ్చాయి. అక్కడ పని నేర్చిన ఇంజనీర్లు కొందరు బయటికొచ్చి సొంతంగా పరిశ్రమలు పెట్టుకున్నారు. ఒక మర్రిచెట్టు ఊడలు దించినట్టు పని ఊరంతా పాకింది. ఉద్యోగులు ఇళ్ళు కట్టుకున్న కాలనీకి తమ పెద్దాయన పేరే పెట్టుకున్నారు. 2003 అక్టోబరు 31న రావుగారు కన్నుమూశారు.

అయితే అంతా విజయమేనా? మహనీయుల జీవితాలు రాసేటప్పుడు లోపాలను దాచడం మనకొక అలవాటు. నిజం చెప్పుకోవాలి. 1971లో అమెరికాలో మైక్రోప్రాసెసర్ బజారులోకి వచ్చాక కంప్యూటర్ పరుగు అందుకోవడం మనవల్ల కాలేదు. ఇ.సి.ఐ.ఎల్. యంత్రాలు ప్రపంచం కంటే వెనకబడ్డాయనీ, ఖరీదు ఎక్కువనీ విమర్శలు వచ్చాయి. అన్నీ మనమే చేసుకుందామన్న పట్టుదలకు చెల్లించిన మూల్యం అది. కాని ఆ చదువు వృథా పోలేదు. 1979లో ఓటింగ్ యంత్రం తొలి నమూనాను తయారుచేసింది ఈ సంస్థే. చంద్రయాన్ మాటలు వినడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల యాంటెన్నా కూడా ఈ సంస్థ కట్టిందే. వెనకబడ్డవాడు తిరిగి లేవగలిగాడంటే, పని లోపలి నుంచి నేర్చుకున్నాడు గనకే లేవగలిగాడు.

ఇక ఈనాటి సంగతికి వద్దాం. ఒకప్పుడు వస్తువు గేటు దాటితే తయారీదారుకూ దానికీ సంబంధం తెగిపోయేది, మళ్ళీ పాడైతేనే కలిసేది. ఈనాడు పంపు, ట్రాక్టరు, లిఫ్టు, ఫ్రిజ్ అన్నీ తమ ఒంట్లో సంగతి చెబుతున్నాయి. శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో తయారయ్యే టీకాల సంగతే చూడండి. టీకా చల్లగా ఉంటేనే పనిచేస్తుంది. 2015లో మన దేశంలో మొదలైన ఈ-విన్ అనే ఏర్పాటు కింద, టీకాలు దాచిన ఫ్రిజ్‌లోని వేడి హద్దు దాటితే అక్కడి పరికరం బాధ్యుడి ఫోనుకు హెచ్చరిక పంపుతుంది. దానివల్ల పసిపిల్లల ప్రాణాలు నిలుస్తాయి.

దీంతో తయారీ తీరే మారిపోతున్నది. ఇనుములో మార్చవలసిన గుణాన్ని ఇప్పుడు ప్రోగ్రాములో మారుస్తున్నారు. ఒకే మోటారును రాసిన ప్రోగ్రామును బట్టి రెండు రకాలుగా అమ్మవచ్చు. బేరింగు విరగకముందే దాని వణుకును బట్టి విరగబోతున్నదని చెప్పవచ్చు. అమ్మిన తరువాత కూడా వస్తువును దూరం నుంచి బాగుచేయవచ్చు. కాని దూరం నుంచి బాగుచేయగలిగినవాడు దూరం నుంచి ఆపనూగలడు! మా మామ ముందు నిలిచిపోయిన యంత్రం నేర్పిన పాఠం ఇదే. వస్తువు మన షెడ్డులో ఉంటుంది, దాని దారం ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ దారం ఎవరి చేతిలో ఉండాలన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.

రావుగారి జీవితంలో నాకు దొరికిన జవాబు పరాయి వస్తువు కొనవద్దని కాదు. ఆయన చదివింది పరాయి దేశంలోనే, అప్సర ఇంధనం పరాయి దేశానిదే. కొన్నా, తెచ్చుకున్నా, లోపల ఏముందో తెలిసినవాడు మన ఊళ్ళో ఒకడైనా ఉండాలి. అదుపు మాత్రం మన చేతిలో ఉండాలి. అప్సర విషయంలో ఆయన చేసిందదే.

మొన్న సెలవుల్లో మా పొలంలోని పెట్టె పనిచేయడం మానేసింది. కొత్తది కొందామన్నాడు మా నాయన. నేను, మామ కలిసి దాన్ని విప్పాం. రిలే కాంటాక్టులు కాలి నల్లబడి ఉండటం మామ చూడగానే పట్టేశాడు. చిన్న చిప్పు రిలేకు ఎట్లా ఆజ్ఞ ఇస్తుందో నేను మీటరు పెట్టి ఆయనకు చూపించా. రిలే మార్చి మూత బిగించాం. మామ తన ఫోను తీసి నంబరు కొట్టాడు. బోరులో నుంచి నీళ్ళు దూకాయి. ఆ ఆరు రోజుల తరువాత మా మామ ముఖంలో అంత వెలుగు నేను చూడటం అదే మొదటిసారి.

మిత్రులారా! మన ప్రయోగశాలల్లో మూత తీయని పెట్టెలు ఎన్నో ఉన్నాయి. పరీక్షలో మార్కుల కోసం వాటి బొమ్మ గీసి ఊరుకుంటున్నాం. ఈ ఏడాది ఒక్కొక్కరం ఒక్క పెట్టె అయినా విప్పి చూద్దాం, అందులో ఏముందో మన ఇంట్లో ఎవరో ఒకరికి అర్థమయ్యేలా చెబుదాం. బస్సు స్టాపుకు పెట్టిన ఆ పేరుకు మనం చేయగలిగిన మర్యాద అదే.