విశ్వదాత శ్రీ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

ధనము నార్జించువారు లోకమున ననేకులు. ఆర్జించినదానిని సత్కార్యములందు వినియోగించువారు కొందఱు. ఆర్జనమును దానమును ఒక్కటే వృత్తిగా నడపినవారు మాత్రము మిక్కిలి యరుదు. అట్టివారిలో అగ్రగణ్యులు, నియోగికులమునకు వన్నె దెచ్చిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. దాతలును విద్యార్థులును ఒక్కచోట గూడు ఈ మహాసభాసమయమున వారి చరిత్రమును స్మరించుట యుచితము.

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణామండలమున బుచ్చయ్య, శ్యామలాంబా దంపతులకు జన్మించిరి. బందరులో విద్యాభ్యాసము చేసి, చెన్నపురి క్రైస్తవకళాశాలలో 1891లో పట్టభద్రులైరి. ఆ దినములలో పట్టము గడించిన నియోగి యువకునకు సర్కారు కొలువే పరమార్థము. కరిణీకము, కచేరి, న్యాయవాదము - ఇవి మనవా రెఱిగిన త్రోవలు. త్రాసు పట్టుట మన యిండ్లలో గౌరవముగా నెంచబడలేదు. పంతులుగారు ఆ త్రోవలను విడిచి కలకత్తాకు బోయి ఔషధవ్యాపారపు మెలకువలు నేర్చిరి. పిదప బొంబాయి చేరి యొక వర్తకసంస్థలో పనిచేసి, 1893లో అమృతాంజనమును స్వయముగా ప్రారంభించిరి.

తలనొప్పికిని ఒడలినొప్పులకును రాచుకొను ఆ పసుపువన్నె లేపనమును తొలుత నెవరు కొందురు? పంతులుగారు సంగీతసభలకు బోయి శ్రోతలకు ఉచితముగా పంచిపెట్టిరి. వాడినవారు గుణమెఱిగి మరల కొనిరి. వెల స్వల్పమగుటచే అది పేదయింటి గూటిలోను చోటు సంపాదించెను. లక్షలమంది చేతులనుండి అణాలుగా వచ్చిన సొమ్ము అట్లు రాశిగా బెరిగెను. ఆ సొమ్ము ప్రజలదేయని తలచిన తీరు వారి తరువాతి జీవితమంతటను గానవచ్చును.

1907లో సూరతు కాంగ్రెసు మహాసభను జూచి వచ్చినపిమ్మట, తెలుగువారికి తమ భాషలో దేశవార్తలు దెలుపు పత్రిక నొకదానిని నెలకొల్పవలెనను తలంపు వారి మనస్సును గలచెను. మఱుసటియేడు, 1908లో, బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. మరాఠీ, గుజరాతీ నగరమున తెలుగు అచ్చుకూటమును నడపుట లాభాపేక్షగలవాడు చేయు పని కాదు. 1914 ఏప్రిలు 1వ తేదీనుండి చెన్నపట్టణమున అది దినపత్రిక యయ్యెను. 1924లో సాహిత్యమునకై భారతి మాసపత్రికయు నవతరించెను. ఔషధము గడించినదానిని అక్షరమునకు వెచ్చించుట వారి జమాఖర్చుల పద్ధతి.

1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలగు గ్రంథములను ముద్రించి, సామాన్యుడు కొనగల వెలకు అందించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు 1923లో గతింపగా, వారు ఆరంభించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము అనాథ యయ్యెను. మిత్రుని ఋణము తీర్చినట్లు నాగేశ్వరరావుగారు ఆ భారము వహించి సంపుటములను వెలువరించిరి. గ్రంథాలయోద్యమమునకును వారి చేయూత లభించెను.

ధర్మపత్ని రామాయమ్మగారు. మైలాపూరునందలి వారి గృహము శ్రీబాగు కవులకు, పండితులకు, దేశభక్తులకు పుట్టినింటివంటిది. అన్నదానమునకు ఫలకము గట్టకున్నను, నిత్యము అతిథులకు విస్తరులు పఱచు ఇల్లాలికి ఆ కీర్తిలో సగపాలు గలదు. ఉప్పుసత్యాగ్రహమున పంతులుగారు చెఱసాలకేగి, అచట భగవద్గీతకు వ్యాఖ్య రచించిరి. 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసికొన్నదియు ఆ శ్రీబాగులోనే. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు రాజధాని యగుటకు ఆ యొడంబడికయే పునాది.

మన గోపాలపట్టణమునకు కొలది మైళ్ల దూరమున వాల్తేరు గుట్టలపై నెలకొన్న ఆంధ్రవిశ్వవిద్యాలయము 1935లో వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1938 ఏప్రిలు 11వ తేదీన వారు దివంగతులైరి. పిమ్మట జామాత శివలెంక శంభుప్రసాదుగారు మామగారి వ్యాపారమును, పత్రికలను ఏకధర్మముగా నడపిరి. 1991లో ఆంధ్రపత్రిక నిలిచిపోయెను. అమృతాంజనము నేటికిని అంగళ్లలో నున్నది. వర్తకము నిలిచి, అది పోషించిన పత్రిక గతించెనే యని చింతింపనక్కఱలేదు. ఆ పత్రిక చదివి లోకజ్ఞానము గడించినవారి బిడ్డలే ఉపాధ్యాయులును, వైద్యులును, శాస్త్రజ్ఞులును అయిరి. ఆ ఫలమును లెక్కకట్ట నెవరితరము?

ఈ సభకు విచ్చేసిన మహాశయులలో వర్తకులు గలరు, ఉద్యోగులు గలరు, పరదేశములందు సంపన్నులైన యువకులు గలరు. ఏటేట పూలదండలకును విందులకును వెచ్చించు ద్రవ్యములో కొంతభాగము పేదవిద్యార్థి జీతమునకు, ఊరి గ్రంథాలయమున నాలుగు పుస్తకములకు మరలింతురేని, పంతులుగారి పటమునకు దండ వేయకున్నను వారిని పూజించినట్లే యగును. తనవారిని పోషించుట గృహస్థధర్మము. పంతులుగారు దానిని విడువలేదు; తనవారనగా నెవరో యను లెక్కను మాత్రము ఆంధ్రదేశమంత విశాలము చేసికొనిరి. మన లెక్కయు కొంత విరియుగాక.