పరదా వెనుకటి వేదనను వినిపించిన డాక్టర్ రషీద్ జహాన్

దేశానికి స్వాతంత్ర్యం సిద్ధించినంత మాత్రాన నాలుగు గోడల మధ్యనున్న స్త్రీకి స్వేచ్ఛ లభిస్తుందా? వలసపాలన నుండి బయటపడిన దేశాల నాటక సాహిత్యం ఈ ప్రశ్నను పదే పదే వేసింది. ఉర్దూ నాటికలో దానిని స్వాతంత్ర్యానికి పదిహేనేండ్ల ముందే నిర్భయంగా వేసిన విదుషీమణి డాక్టర్ రషీద్ జహాన్. ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినిపించే కళాశాలలో చదువుకొనే మనం ఆమె జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి.

రషీద్ జహాన్ 1905లో అలీగఢ్‌లో జన్మించారు. తండ్రి షేక్ అబ్దుల్లా, తల్లి వహీద్ జహాన్ బేగం. ముస్లిం బాలికల విద్యకై జీవితాలను ధారపోసిన ఆ దంపతులు 1906లో ప్రారంభించిన చిన్న పాఠశాలయే అలీగఢ్ మహిళా కళాశాలకు మూలం. రషీద్ జహాన్ ఆ పాఠశాలలోనే చదివి, లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కళాశాలలో చేరి, పిదప ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో పట్టం పొందారు. సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వ వైద్యశాఖలో పనిచేశారు. ఎడతెగని కాన్పులు, భర్తల వలన సంక్రమించే వ్యాధులు, సవతి వస్తుందన్న భయం - ఇవన్నీ వైద్యురాలిగా ఆమె ఎరిగిన సంగతులే.

1932 చివర లక్నోలో సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, మహ్మూదుజ్జఫర్‌లతో కలిసి ఆమె వెలువరించిన సంపుటి "అంగారే". అందులో ఆమె ఏకాంకిక "పర్దే కే పీఛే" చేరింది. ఇద్దరు గృహిణులు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోవడమే అందులోని కథ. నడివయసు రాకముందే కాన్పులతో చిక్కి శల్యమైన ముహమ్మదీ బేగం, భర్త మరో పెండ్లి చేసుకుంటాడన్న భయంతో తన శరీరాన్ని శస్త్రచికిత్సకు సైతం అప్పగిస్తుంది. కలిగిన కుటుంబంలో అన్నవస్త్రాలకు లోటు లేకున్నా, ఆమె దేహంపై ఆమెకే అధికారం లేదు.

ఈ సంపుటిపై పెద్ద దుమారం లేచింది. 1933 మార్చిలో ప్రభుత్వం దానిని నిషేధించింది. రషీద్ జహాన్‌కు బెదిరింపులు వచ్చాయి. అయినా రచయితలు క్షమాపణ చెప్పడానికి నిరాకరించారు. 1934లో ఆమె మహ్మూదుజ్జఫర్‌ను వివాహమాడారు. 1936లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు తోడ్పడ్డారు. ఆమె మరొక నాటిక "ఔరత్"లోని ఫాతిమా, ముహమ్మదీ బేగం వలె విలపించి ఊరుకోదు. రెండవ పెండ్లికి సిద్ధమైన భర్తను ఎదిరించి నిలుస్తుంది. పరదా వెనుకటి నిట్టూర్పు ధిక్కారంగా మారిన ఘట్టమది. ఇస్మత్ చుగ్తాయీ వంటి మేటి రచయిత్రి తనపై రషీద్ జహాన్ ప్రభావాన్ని మనసారా అంగీకరించారు.

1947లో దేశం స్వతంత్రమైంది. అంతటితో తన పని ముగిసిందని ఆమె భావించలేదు. 1949లో రైల్వే కార్మికుల సమ్మె సందర్భంలో స్వతంత్ర భారతదేశపు కారాగారాన్నే చూశారు. క్యాన్సర్ వ్యాధితో చికిత్సకై మాస్కో వెళ్ళి, 1952 జూలైలో అక్కడనే కన్నుమూశారు. అప్పటికి ఆమె వయస్సు నలుబది ఏడేండ్లయినా నిండలేదు.

రషీద్ జహాన్ రాసినది కొద్దియే. రోగుల నడుమ, కార్మికుల నడుమ గడిచిన జీవితంలో కలం పట్టే తీరిక ఆమెకు తక్కువ. కాని వ్యాధిని దాచిపెడితే నయం కాదన్న వైద్యసత్యాన్ని ఆమె సమాజానికి అన్వయించారు. కుమార్తెలను బడికి పంపిన తల్లిదండ్రులు తలుపు తెరిస్తే, ఆ తలుపు వెనుక ఏమున్నదో కుమార్తె లోకానికి చూపారు. మన సోదరీమణుల మౌనం వెనుక నేడు ఏమున్నదో అడిగి తెలుసుకోవడమే మనం ఆమెకు చెల్లించగల నివాళి.