ఉస్తాద్ వదిలేసిన పని.. షాగిర్ద్‌కు నోబెల్

ఆలమూరులో ఇంటర్ సైన్స్ చదివే పిల్లలకు గ్రిగ్నార్డ్ కారకం అంటే పరీక్షలో తప్పకుండా వచ్చే ఒక ప్రశ్న. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని, మొదట్లో ఆయన కెమిస్ట్రీ అంటేనే ముఖం తిప్పుకున్నాడని చాలామందికి తెలియదు.

విక్టర్ గ్రిగ్నార్డ్ 1871 మే 6న ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్ అనే ఓడరేవు పట్నంలో పుట్టాడు. తండ్రి ఓడలకు తెరచాపలు కుట్టేవాడు. కొడుకు లెక్కల మాస్టారు కావాలనుకున్నాడు. లియాన్ యూనివర్సిటీలో మొదటిసారి లెక్కల డిగ్రీ పరీక్ష తప్పాడు కూడా. కెమిస్ట్రీ అంటే బట్టీ పట్టడమేనని అతని అభిప్రాయం. ఒక స్నేహితుడు పట్టుబట్టి ల్యాబ్‌లోకి లాక్కెళ్లాడు.

అక్కడి ప్రొఫెసర్ ఫిలిప్ బార్బియే 1899లో ఒక కొత్త పని చేశాడు. అప్పటిదాకా జింక్ వాడేచోట మెగ్నీషియం వేశాడు. ఫలితం ఒకసారి వచ్చేది, ఒకసారి రాదు. విసుగొచ్చి ఆ పని శిష్యుడికి అప్పజెప్పాడు.

గ్రిగ్నార్డ్ వరుస మార్చాడు, అంతే. అన్నీ ఒకే గిన్నెలో వేయకుండా ముందు మెగ్నీషియం తురుమును, హాలోజన్ ఉన్న కర్బన పదార్థాన్ని చుక్క నీరు లేని ఈథర్‌లో కలిపాడు. మసాలా ముందే నూరి పెట్టుకున్నట్టన్నమాట. అలా తయారైన మెగ్నీషియం సమ్మేళనంలోకి తర్వాత కావలసింది కలిపితే కార్బన్‌కు కార్బన్ అతుక్కుంటుంది. తడి తగిలితే మాత్రం అంతా పాడు. 1900 మేలో ఈ సంగతి పారిస్ సైన్స్ అకాడమీ ముందుకెళ్లింది. మరుసటి ఏడాదే డాక్టరేట్.

1912లో నోబెల్ వచ్చింది. సగం ఆయనకు, సగం పాల్ సబాతియేకు. నికెల్‌ను ఉత్ప్రేరకంగా పెట్టి హైడ్రోజన్ ఎక్కించే పద్ధతి సబాతియేది. మన ఇళ్లలోకి డాల్డా వచ్చింది ఆ దారిలోనే. బహుమతి తనతో పాటు బార్బియేకూ దక్కి ఉంటే బాగుండేదని గ్రిగ్నార్డ్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఉస్తాద్ హక్కు మరవని షాగిర్ద్ అనాలి.

అదే మనిషి మొదటి ప్రపంచ యుద్ధంలో, కాపలా డ్యూటీ కార్పొరల్‌గా చేరి, తర్వాత విషవాయువుల పనిలోకి వెళ్లాడు. ఫాస్జీన్ తయారీ, మస్టర్డ్ గ్యాస్‌ను పసిగట్టే పద్ధతి.. ఈ రెండింటి మీదా పనిచేశాడు. 1915లో ఈప్ర్ దగ్గర జర్మన్లు వదిలిన క్లోరిన్‌కు బలైనవాళ్లలో మన దేశపు సిపాయిలూ ఉన్నారు. అక్కడే జమాదార్ మీర్ దస్త్ విక్టోరియా క్రాస్ గెలిచాడు. గ్రిగ్నార్డ్ జీవితంలో ఈ పేజీని దాటేసి పొగడటం న్యాయం కాదు.

1919లో బార్బియే కుర్చీలోనే లియాన్‌లో ప్రొఫెసర్‌గా కూర్చున్నాడు. ఇప్పుడు బియ్యం బస్తాల ప్లాస్టిక్ తయారుచేసే ఉత్ప్రేరకాల్లోనూ మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది. వాటిలో కొన్నింటి తయారీ గ్రిగ్నార్డ్ సమ్మేళనంతోనే మొదలవుతుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులకూ ఈ చర్యే దారి.

కర్బన రసాయనశాస్త్రం మీద మొదలుపెట్టిన పెద్ద గ్రంథం ఇంకా పూర్తికాకుండానే, 1935 డిసెంబర్ 13న ఆయన లియాన్‌లో కన్నుమూశాడు.