అమీకి చివరిదాకా కష్టంగానే ఉన్న పాఠం



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మీలో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. క్లాసులో అందరికీ వచ్చేసింది, మా పాపకి మాత్రం ఇంకా ఎందుకు రావడం లేదని. ఈ నెల దానికి జవాబుగా మీకు ఒక పైలట్ జీవితం చెప్పాలనుకుంటున్నాను. ఆమె పేరు అమీ జాన్సన్.

అమీ 1903 జూలై 1న ఇంగ్లండ్‌లోని హల్ అనే రేవు పట్టణంలో పుట్టారు. నాన్నగారిది చేపల వ్యాపారం. షెఫీల్డ్ యూనివర్సిటీలో డిగ్రీ చేసి, లండన్‌లో ఒక లాయర్ ఆఫీసులో సెక్రటరీగా చేరారు. విమానాలతో ఏ సంబంధమూ లేని ఉద్యోగం అది. 1928లో లండన్ ఏరోప్లేన్ క్లబ్‌లో విమానం నడపడం నేర్చుకోవడం మొదలుపెట్టారు.

మొదటి క్లాసే సరిగ్గా జరగలేదు. పెట్టుకున్న హెల్మెట్ వదులుగా ఉండి, ఇన్‌స్ట్రక్టర్ చెప్పేది సరిగ్గా వినపడలేదు. ఆయనేమో ఈ అమ్మాయికి ఇక రాదని తేల్చేశారు. వినపడకపోవడం వేరు, రాకపోవడం వేరు కదా! ఒక టీచర్‌గా ఈ సంగతి రాస్తుంటే నాకే కాస్త గుచ్చుకుంటోంది.

అమీకి అన్నిటికన్నా కష్టమైంది ల్యాండింగ్. ఆనాటి చిన్న విమానాల్లో నేల ఎంత దూరంలో ఉందో పైలట్ కంటితోనే అంచనా వేసుకోవాలి. సరిగ్గా నేలను తాకబోయే ముందు విమానం ముక్కును కొంచెం పైకి ఎత్తాలి. తొందరపడి ఎత్తితే విమానం వేగం తగ్గి దబ్బున పడుతుంది. ఆలస్యమైతే చక్రాలు నేలకు కొట్టుకుని ఎగిరిపడుతుంది. వేగం ఎక్కువైతే ఆగకుండా మైదానం దాటిపోతుంది. ఈ అంచనా కుదరడానికి ఆమెకు చాలా సమయం పట్టింది. ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేకుండా ఒంటరిగా ఎగరనిచ్చేసరికి దాదాపు 16 గంటల శిక్షణ అయింది. చాలామందికి అంత అవసరం పడలేదు.

1929 జూలైలో ఆమెకు పైలట్ లైసెన్స్ వచ్చింది. అక్కడితో ఆగలేదు. హ్యాంగర్‌లో మెకానిక్కుల పక్కన చేరి, చేతులకు గ్రీజు పూసుకుని ఇంజిన్ పని నేర్చుకున్నారు. అదే ఏడాది గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్స్ పొందిన మొదటి బ్రిటిష్ మహిళ అయ్యారు.

తర్వాత ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా వెళ్తానన్నారు. అప్పటిదాకా ఆమె చేసిన పెద్ద ప్రయాణం లండన్ నుంచి సొంత ఊరు హల్ వరకే! మనమైతే ఏమనేవాళ్లమో ఒక్కసారి ఆలోచించండి. ఆ నాన్నగారు మాత్రం విమానం కొనడానికి సగం డబ్బు ఇచ్చారు. మిగతా సగం లార్డ్ వేక్‌ఫీల్డ్ అనే ఆయిల్ వ్యాపారి ఇచ్చారు. తన ఇంటి వ్యాపారం ట్రేడ్‌మార్క్ పేరే ఆమె విమానానికి పెట్టుకున్నారు. దాని పేరు జేసన్.

1930 మే 5న లండన్ దగ్గరి క్రోయ్‌డన్ నుంచి బయలుదేరారు. ఆరో రోజుకే కరాచీ చేరారు. అప్పటికి ఆస్ట్రేలియా ప్రయాణంలో రికార్డు బెర్ట్ హింక్లర్‌ది. కరాచీకి వచ్చేసరికి అమీ ఆయనకన్నా రెండు రోజులు ముందున్నారు. కానీ ఆ పాత కష్టం వెంటే వచ్చింది. ఝాన్సీలో పెట్రోల్ అయిపోవస్తే సైనికుల పరేడ్ గ్రౌండ్‌లో దిగారు. రెక్క దెబ్బతింది. అక్కడ బాగుచేయించుకుని కలకత్తా మీదుగా, ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాల నుంచి ఎందరో పనికోసం వెళ్లిన రంగూన్ వైపు సాగారు. జోరువానలో దారి కనపడక, ఇన్సీన్ అనే చోట ఒక టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఆటస్థలంలో దిగారు. విమానం ఆగకుండా వెళ్లి కాలువలో పడింది. రెక్క, చక్రాల భాగం, ప్రొపెల్లర్ దెబ్బతిన్నాయి.

ప్రయాణం అక్కడే ముగిసిపోవాల్సింది. కానీ ఆ ఇన్‌స్టిట్యూట్‌లోని అధ్యాపకులు, విద్యార్థులు కలిసి విమానం బాగుచేశారు. ఇంటి దగ్గర నుంచే వెంట కట్టుకొచ్చిన స్పేర్ ప్రొపెల్లర్ ఇక్కడ అక్కరకొచ్చింది. రికార్డు చేజారింది గానీ ప్రయాణం ఆగలేదు. మే 24న అమీ ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగారు. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానం నడిపిన మొదటి మహిళ ఆమే.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది. కానీ అయిదు రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో, వేల మంది చూస్తుండగా, విమానం మైదానం దాటి కంచెను గుద్దుకుని తిరగబడింది. అదృష్టవశాత్తూ ఆమెకు ఏమీ కాలేదు. ప్రపంచమంతా పేరు మోగుతున్న రోజుల్లో కూడా ల్యాండింగ్ ఆమెకు కష్టంగానే ఉంది. అయినా 1932లో లండన్ నుంచి కేప్‌టౌన్‌కు వెళ్లి కొత్త రికార్డు నెలకొల్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి విమానాలు చేర్చే పనిలో ఉండగా, 1941 జనవరి 5న వాతావరణం బాగాలేక థేమ్స్ నది ముఖద్వారం దగ్గర ప్యారాచూట్‌తో నీళ్లలోకి దూకారు. ఆమె దేహం దొరకలేదు. అప్పటికి వయసు 37.

తప్పులు చేసినా పర్వాలేదని నేను చెప్పడం లేదు. విమానంలో తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. అమీ తన తప్పును దాచలేదు, దాన్ని బాగుచేసే పని నేర్చుకున్నారు. అవసరమైన చోట చేయి అందించేవాళ్లు ఆమెకు దొరికారు. ఇంట్లో నాన్న, రంగూన్ దగ్గర ఆ విద్యార్థులు.

ఈసారి రిపోర్ట్ కార్డ్ మీ చేతికి వచ్చినప్పుడు మార్కు ఎందుకు తగ్గిందని అడిగే ముందు, క్లాసులో ఎక్కడ వినపడలేదో, ఎక్కడ అర్థం కాలేదో అడిగి చూడండి. ఆ జవాబు మాకూ చెప్పండి. హెల్మెట్ వదులుగా ఉంటే సరిచేయాల్సింది మనమే కదా.