శాంతమూర్తి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్

శ్రీసభలో సాత్వికమునకు మారుపేరుగా నిలిచినవారు పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ వారు. వారు పుట్టుకతోనే శాంతస్వభావులని చాలామంది తలంచుదురు. నిజానికి వారిది చటుక్కున మండిపోయే స్వభావం. ఆ స్వభావాన్ని ప్రభువు కృపతో కొద్దికొద్దిగా లొంగదీసుకొనుటే వారి జీవిత చరిత్ర.

వారు 1567వ సంవత్సరం ఆగష్టు 21న, ఆల్ప్స్ పర్వతాల చెంతనున్న సవోయ్ ప్రాంతంలో, ఒక ప్రభు కుటుంబంలో జన్మించారు. తండ్రి వారిని గొప్ప న్యాయవాదిగా చూడగోరి పారిస్ లోను, పాదువాలోను చదివించారు. 1591లో న్యాయశాస్త్రంలో పట్టా పొందినా వారి మనస్సు దైవసేవ మీదనే నిలిచింది. తండ్రిని ఒప్పించి 1593లో గురుపట్టం పొందారు.

మరుసటి సంవత్సరం షబ్లే సీమకు వెళ్ళారు. అక్కడివారు కాల్విను బోధను అనుసరించేవారు. ప్రసంగం వినడానికి వచ్చేవారే కరువయ్యారు. ప్రాణాపాయం కూడా కలిగింది. అయినా వారు కోపించి వెనుదిరుగలేదు. చెప్పదలచినది కాగితాలపై వ్రాసి ఇంటింటి తలుపుల క్రింద నుంచి లోనికి జారవిడిచారు. నాలుగేండ్ల ఓర్పు ఫలించి, అనేకులు శ్రీసభకు తిరిగివచ్చారు. 1602లో వారు జెనీవా పీఠాధిపతి అయ్యారు. ఆ పట్టణంలో నివసించే వీలు లేనందున అనెసీ నుండే మేత్రాసనాన్ని పాలించారు.

పీఠాధిపతిగా ఉన్నప్పటి ఒక సంఘటన చెప్పుకుంటారు. ఎవరో వారి ఎదుట నిలిచి నోటికి వచ్చినట్లు దూషించినా వారు మారు పలుకలేదట. ఎందుకు ఊరకున్నారని అడుగగా, ఇరవై ఏండ్లకు పైగా బొట్టుబొట్టుగా కూడబెట్టిన సాత్వికాన్ని పావుగంటలో ఒలకబోసుకొనుట ఇష్టం లేదన్నారట. లోపల కోపం లేక కాదు, దానికి నోరు ఇవ్వలేదు, అంతే!

1609లో వెలువడిన భక్తి జీవన ప్రవేశిక అను గ్రంథంలో గృహస్థులకు సైతం ఈ సాధన నేర్పారు. కోపాన్ని కొంచెమే రానిద్దామనుకొనుట కన్న అసలు గడప దాటనీయకుండుట సులభమన్నారు. అది లేచిన వెంటనే దానితో పెనుగులాడక, తుఫానులో శిష్యులవలె ప్రభువును పిలువమన్నారు. నోరు జారితే ఆలస్యం చేయక, ఆ మనిషి యెడలనే ఒక మృదువైన పనితో దిద్దుకోమన్నారు. అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి: కోపపడినందుకు మన మీద మనమే కోపపడరాదు. పడినచోటనే నెమ్మదిగా లేచి మరల నడువవలెను.

1610లో పునీత జేన్ ఫ్రాన్సిస్ షాంతాల్ గారితో కలిసి విజిటేషన్ మఠాన్ని స్థాపించారు. 1622 డిశంబరు 28న లియోన్ లో ప్రభువునందు నిద్రించారు. 1665లో పునీతులుగాను, 1877లో శ్రీసభ పండితులుగాను ప్రకటింపబడ్డారు.

వారి పేరిట 1838లో అనెసీలో వెలసిన సభ గురువులే 1846లో విశాఖపట్టణం చేరి, మన తెలుగు నేలపై సువార్త సేవ చేశారు. కనుక వారు మనకు దూరపువారు కారు.

ప్రియ సహోదరీ సహోదరులారా, పూజలో సమాధానం పంచుకొని, ఇంటి గుమ్మం తొక్కగానే భార్యాబిడ్డలపై కేకలు వేయుట మనం ఎరుగనిది కాదు. విచారణ సమావేశంలో ఒక్క మాటకు ఏండ్ల తరబడి పలుకరించుకోని వారూ మనలో ఉన్నారు. అట్టి ఒక్కరి ఇంటికి మనమే ముందుగా వెళ్ళుదమా? ఆ మొదటి బొట్టు నేడే కూడబెట్టుకొందముగాక.