శ్రీమతి ఆన్నా కామ్‌స్టాక్

కప్పను గూర్చి చదువుటకంటె కప్పను చూచుట మేలని పిల్లలకు చెప్పనక్కఱలేదు. మావంటి ఉపాధ్యాయులకే చెప్పవలసివచ్చెను. అట్లు చెప్పినవారిలో శ్రీమతి ఆన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ ముఖ్యురాలు. ఈమె 1854 సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున రైతుకుటుంబమున జన్మించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున చదివి, 1878లో కీటకశాస్త్రజ్ఞుడగు జాన్ హెన్రీ కామ్‌స్టాకును వివాహమాడి, ఆయన గ్రంథములకు కీటకముల బొమ్మలను కొయ్యపై చెక్కి యిచ్చెను.

1890 తరువాత ఆ రాష్ట్రమున సేద్యము క్షీణించి పల్లెజనులు పట్టణములకు పోవుచుండగా, బాలబాలికలకు పొలముపై ప్రీతి కలిగించుటకై పాఠశాలలలో ప్రకృతిపాఠములు ప్రారంభించిరి. ఈమె అందు పాటుపడెను. విశ్వవిద్యాలయమువారు మొదట ఇచ్చిన సహాయాచార్యపదవిని ధర్మకర్తల ఆక్షేపణచే తీసివేసి, 1913లో మరల ఇచ్చిరి. 1920లో పూర్ణాచార్యురాలై, 1930లో మరణించెను.

1911లో వెలువడిన ఈమె ‘హేండ్‌బుక్ ఆఫ్ నేచర్ స్టడీ’ మా బల్లపై నెప్పుడు నుండును. పాచిని తోకకప్పయు, తోకకప్పను తూనీగపిల్లయు, ఎగురు తూనీగను పెద్దకప్పయు తినును. నేడు దీనిని ఆహారశృంఖల మందురు. అయితే జీవులను తరగతిలోనికి తెచ్చినచో మరణమును వెంట వచ్చును. మా గాజుతొట్టిలో తూనీగపిల్ల తోకకప్పను పట్టగా ఒక చిన్నవాడు వెక్కివెక్కి యేడ్చెను. మేమును తడబడితిమి.

ఈ చిక్కును ఆమె దాచలేదు. ప్రతి భోజనమును ఏదో యొక ప్రాణి చావుపై ఆధారపడు లోకమున, జీవదయ నేర్పు ఉపాధ్యాయురాలు ఏమి చెప్పవలెను? శాకాహారియైనను తప్పించుకొనజాలదనియు, తర్కముచే దీనికి దారి లేదనియు ఆమె గ్రంథారంభముననే ఒప్పుకొనెను. అది చదివి మేము తొట్టిని మూయక, ఆ చిన్నవానిని దానిచెంతనే కూర్చుండబెట్టుకొంటిమి.