ఆవిడ లెక్కలు

స్కూల్ పాఠంలో నైటింగేల్ అంటే నాకు గుర్తున్నది చేతిలో దీపం, అంతే. హాస్పిటల్ వెంటిలేషన్ మీద మినీ ప్రాజెక్టు తీసుకున్నాకే అసలు మనిషి కనిపించింది. 1854 నవంబరులో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి మిలిటరీ హాస్పిటల్‌కి వెళ్లింది. ఎంత సేవ చేసినా ఆ చలికాలం చావులు పెరుగుతూనే పోయాయి. 1855 మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి, మురుగు కాలువలు బాగుచేసి, వార్డుల్లోకి గాలి ఆడేలా చేశాకే బాగా తగ్గాయి.

లండన్ తిరిగొచ్చి విలియం ఫార్‌తో కూర్చుని లెక్కలేస్తే, సైనికులు గాయాలకన్నా జబ్బులకే ఎక్కువమంది పోయారని, అందులో తన హాస్పిటల్ వాటా చిన్నది కాదని తేలింది. ఇంకొకరైతే ఆ కాగితాలు దాచేసేవారేమో. ఆవిడ గ్రాఫులు గీసి మరీ చూపించింది! 1859లో 'నోట్స్ ఆన్ హాస్పిటల్స్' రాసి, వార్డుకి ఎదురెదురుగా కిటికీలు ఉండాలంది. చెడు గాలే జబ్బని నమ్మేది పాపం, కిటికీలు మాత్రం కరెక్టే.

గ్రాఫ్ పాడవుతోందని మా రిపోర్టులోంచి నాలుగు రీడింగులు తీసేశా. రాత్రి మళ్లీ పెట్టేశా.